ఆరు నెలలు ఆపగలిగిన సభ

డిగ్రీ చివరి సంవత్సరం రాజనీతిశాస్త్రం పేపరులో ఒక ప్రశ్న వచ్చి తీరుతుందని మా కాలేజీలో అందరికీ గట్టి నమ్మకం. "రాజ్యసభ, లోక్‌సభల అధికారాలను పోల్చి వ్రాయుము." దేవుడున్నాడా లేడా అని కొట్లాడుకునేవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చేవారు. నేను జవాబును పైకి చదివి బట్టీ పట్టాను. గోదావరిఖనిలో మాది రెండు గదుల కంపెనీ క్వార్టరు. కాబట్టి నేనొక్కణ్ణి చదివితే ఇంట్లో ముగ్గురం చదివినట్టు. పక్క క్వార్టరు చాచాను కలుపుకుంటే నలుగురం. మధ్యలో గోడ ఉండేది గానీ దాని అధికారాలు పరిమితం.

బాపు, అంటే మా నాన్న, బాయిలో బొగ్గు నింపేవాడు. గనిని మా దగ్గర బాయి అంటారు. ఫస్టు షిఫ్టు అయితే నాలుగింటికల్లా ఇంటికొచ్చి, స్నానం చేసి, వాకిట్లో నులకమంచం మీద వాలేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఆ పక్కనే బొగ్గుల పొయ్యి అంటించి, పొగ తగ్గేదాకా కాపలా కూర్చునేది. పొగ పోనిదే పొయ్యిని లోపలికి తీసుకుపోకూడదు. ఆ కాసేపే మా ఇంట్లో ముగ్గురికీ తీరిక. నా చదువు కూడా అప్పుడే.

"ఆగురా," అన్నాడు బాపు ఒకరోజు. "గా పెద్దల సభోళ్లు బిల్లును ఆపుతరా, ఆపరా? ఒక్కటి జెప్పు."

"పైసల బిల్లయితే పధ్నాలుగు దినాలు పెట్టుకుంటరు బాపూ. తర్వాత వాళ్లు ఔనన్నా కాదన్నా పాసైనట్టే."

"వేరే బిల్లయితే?"

"ఆరు నెలల దాక ఆపొచ్చు. అటెన్క రెండు సభలను ఒక్కదగ్గర కూసోవెడ్తరు. లోక్‌సభోళ్లు ఎక్కువమంది గద, వాళ్ల మాటే నెగ్గుతది."

బాపు మోచేతి మీద లేచాడు. "మరి ఆపలేనోళ్లకు గంత పెద్ద బిల్డింగు ఎందుకురా?"

గోడ అవతలి నుంచి చాచా జవాబిచ్చాడు. "ఇజ్జత్ కే వాస్తే, భాయ్!"

పరీక్షలో నేను నాలుగు పేజీలు రాశాను. చాచా 'గౌరవం కోసం' అని ఒక్క మాటలో చెప్పినదానికంటే ఎక్కువ చెప్పానని ఇప్పటికీ అనుకోను.

మన రాష్ట్రంలో పెద్దల సభను, అంటే శాసనమండలిని, నేను ఇంటర్లో ఉండగానే తీసేశారు. మా లెక్చరర్ ఆ పాఠాన్ని పెన్సిలుతో కొట్టెయ్యమన్నాడు. పరీక్షకు ఒక పాఠం తగ్గినందుకు క్లాసంతా ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకున్నాం. ఢిల్లీ సభ సంగతి వేరు. అది శాశ్వత సభ. రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు, సభ మాత్రం ఉంటుంది. ఈ పాయింటు బాపుకు బాగా నచ్చింది. "గంతే మన బాయి తీరు," అన్నాడు.

అవ్వ ఇవన్నీ విననట్టే ఉండేది. ఒక సాయంత్రం పొయ్యిలో బొగ్గులు కదిలిస్తూ, "నేనేందిరా గండ్ల?" అని అడిగింది.

"నువ్వు రాజ్యసభ. బాపు లోక్‌సభ."

"రాజ్యసభ ఏం జేస్తది?"

"ఆలిశ్యం జేస్తది అవ్వా. ఆపుడు దాని చేతుల లేదు."

నేను నవ్వాను. బాపు నవ్వాడు. అవ్వ మళ్లీ బొగ్గులు కదిలించింది. నవ్వించిన పాపానికి నాకు ఆ రోజు రెండో కప్పు చాయ్ కూడా దొరికింది.

ఫస్టు క్లాసులో పాసయ్యాను. వరంగల్లో యూనివర్సిటీలో ఎం.ఎ. సీటు వచ్చింది. ఈ రెండో వార్తను ఇంట్లో ఏదో బస్సు టైము చెప్పినట్టు చెప్పాను. నాకు నిజంగా కావలసినదాన్ని నవ్వులాటలా చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కాదంటే సిగ్గుపడాల్సిన అవసరం ఉండదు. నిజానికి ఆ సీటు కాగితాన్ని నేను మూడు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను, రోజుకు పదిసార్లు తీసి చూసుకున్నాను.

బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "గా చదువు చదివితే ఏమైతవు?"

"లెక్చరర్ అయిత."

"ఎప్పుడు?"

దానికి నా దగ్గర గడువు లేదు.

అప్పుడు బాపు తన బిల్లు ప్రవేశపెట్టాడు. బాయిలో పనిచేసేవాడి ఒళ్లు ఇక పనికి పనికిరాదని కంపెనీ డాక్టర్లు తేలిస్తే, అతని కొడుకు ఆ పనిలో చేరొచ్చు. దీన్ని మా దగ్గర 'అన్‌ఫిట్' కావడం అనేవాళ్లం. మిగతా ఊళ్లలో ఆరోగ్యం కోసం మొక్కుకుంటారు. మా బస్తీలో అన్‌ఫిట్ కావాలని మొక్కుకున్నవాళ్లు కూడా ఉండేవారు. గోడ అవతలి చాచా రెండేళ్ల కింద అలాగే అన్‌ఫిట్ అయి కొడుకును బాయిలో పెట్టించాడు, కాబట్టి ఆయన మాకు ఈ విషయంలో నిపుణుడు. బాపు నడుము ఎప్పుడో పోయింది. వంగి వంగి టబ్బులు నింపిన నడుము. పొద్దున మంచం మీది నుంచి లేవడానికి గోడను పట్టుకునేవాడు. పైగా ఈ రూలు ఎత్తేస్తారని బస్తీలో పుకారు.

"ఇయ్యాల ఉన్న రూలు రేపు ఉంటదో ఉండదో," అన్నాడు బాపు. "నౌకరి ఉంటే క్వార్టర్ ఉంటది, దవాఖాన ఉంటది. చదువు యాడికి పోతది? నీ తలకాయల్నే ఉంటది గద."

చెడ్డమాట ఒక్కటి కూడా అనలేదు. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. నేను "సరే బాపూ, చూద్దాం," అన్నాను. ఆ వాక్యానికి అర్థం లేదని నాకు తెలుసు, బాపుకు తెలియదు.

మర్నాడు బాపు డ్యూటీకి పోయాక అవ్వ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బాపు జెప్పేది పైసల బిల్లా, మామూలు బిల్లా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. "ఏది పైసల బిల్లో ఏది కాదో స్పీకర్ తేలుస్తడు అవ్వా."

"మనింట్ల స్పీకర్ ఎవలు?"

"బాపే."

"గట్లయితే ఆయన్ను అడుగకు. నేనే జెప్తున్న. గిది పైసల ముచ్చట కాదు." వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఆరు వేళ్లు మడిచింది. "నువ్వు పోయి చేరు."

బాపు కాగితాలు, అంటే ఆయన కంపెనీలో చేరిన నాటి గుర్తింపు కాగితాలన్నీ, అవ్వ సందుగ పెట్టెలో ఉండేవి. అవి లేకుండా అన్‌ఫిట్ దరఖాస్తు కదలదు. ఆ వారమే అవి కనబడకుండా పోయాయి. బాపు రెండుసార్లు వెతికాడు. అవ్వ కూడా ఆయనతో కలిసి శ్రద్ధగా వెతికింది. "ఎలుకలు కొట్టినయో ఏమో," అని ఎలుకల మీద కోపం కూడా చేసింది. తర్వాత ఆషాఢం అడ్డమొచ్చింది. తర్వాత పెత్తరమాస, అంటే పితృ అమావాస్య. ఆ తర్వాత మూఢం.

"డాక్టర్లకు నడుము చూపిచ్చుకునేటందుకు మూఢం ఏందే?" అన్నాడు బాపు.

"నడుము పోయిందని రాపిచ్చుకునుడు శుభమా, అశుభమా? నువ్వే జెప్పు."

శుభమంటే మూఢంలో చేయకూడదు. అశుభమంటే అసలు చేయకూడదు. బాపు మంచం మీద ఇటు తిరిగి పడుకున్నాడు. గోడ అవతల చాచా, "భాభీ పాయింటు పక్కా ఉంది భాయ్," అన్నాడు.

ఇవన్నీ నేను సెలవులకు వచ్చినప్పుడు తెలిసినవి. అప్పటికి నేను, కాగితాలు దొరికేదాకా చదువుకొమ్మని బాపు అంటే, వరంగల్లో ఉన్నాను.

ఆ ఆరు నెలల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ నాకేమీ జరగలేదు. పొద్దున లేచేవాణ్ణి, క్లాసుకు పోయేవాణ్ణి, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దొరికితే ఆ రోజు గెలిచినట్టు. మధ్యాహ్నం ఎండ ఆ బల్ల మీదికి వచ్చి, పుస్తకం మీది నుంచి మెల్లగా జరిగి, అంచు దిగిపోయేది. ఎండ పూర్తిగా దిగేదాకా ఒక వాక్యం మీదే కూర్చున్న రోజులున్నాయి. ఎవరూ డ్యూటీకి పిలిచేవారు కాదు. గోదావరిఖనిలో సైరను మోతతో రోజు మూడు ముక్కలయ్యేది. ఇక్కడ రోజు ఒకటే ముక్క. నాకు అది అలవాటు కావడానికి నెల పట్టింది. దాన్ని మరిచిపోవడానికి మాత్రం ఇంకా గడువు చాల్లేదు.

మాకు పాఠం చెప్పే సారు పుస్తకం లేకుండా వచ్చేవాడు. మొదటి రోజు, "రెండో సభ ఎందుకు?" అని అడిగాడు. నేను లేచి, "గౌరవం కోసం సార్," అన్నాను. క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు. "చాలా వరకు నిజం," అన్నాడు. "మిగతాది చూద్దాం." పరీక్షలో రాదని తెలిసిన ప్రశ్న గురించి ఒక మనిషి గంటసేపు మాట్లాడగలడని నాకు ఆ రోజే తెలిసింది. నేనూ అలాంటి మనిషిని కావాలనిపించింది. ఈ మాట హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లకు నేను బాపు నడుము, అవ్వ ఎలుకలు, చాచా గోడ కథలు చెప్పి నవ్వించేవాణ్ణి. "మా ఇంట్లో బిల్లు పెండింగులో ఉంది," అనేవాణ్ణి. మా గదిలో అది పేరున్న జోకు.

దసరాకు ముందు సారు ఒక సంగతి చెప్పాడు. డిగ్రీలో నేను చదివిన గైడులో అది లేదు. ఉండే ఉంటుంది, చివరి పాయింటు అని నేనే వదిలేసి ఉంటాను. రాజ్యాంగాన్నే మార్చే బిల్లు వస్తే రెండు సభలూ సమానం. పధ్నాలుగు రోజులు లేవు, ఆరు నెలలు లేవు, రెండు సభలను కలిపి కూర్చోబెట్టడం లేదు. రాజ్యసభ కాదంటే కాదు. అక్కడితో ఆ బిల్లు సరి.

నోట్సులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

దసరాకు ఇంటికి పోయాను. నాలుగు రోజులున్నాను. బతుకమ్మలు చూశాను, మటన్ తిన్నాను, చాచాతో పేక పత్తాలాడి ఓడిపోయాను. అవ్వ ఒకసారి, "ఇంకెన్ని నెలలుర?" అని అడిగింది. "మూడు," అన్నాను. రాజ్యాంగం బిల్లు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడిగితే మరిచిపోయానని చెప్పొచ్చు. మరిచిపోలేదు. చెబితే అవ్వ, బాపు ఎదురెదురు నిలబడతారు. అప్పుడు నవ్వులాట ఉండదు, నాకేం కావాలో నేను నా నోటితో చెప్పాల్సి వస్తుంది. నాకు జోకులు వచ్చు. ఆ పని రాదు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. చాచా కొడుకు చేతిరాత. "బాపు మెడికల్ అయింది, అన్‌ఫిట్ ఇచ్చిండ్రు, జల్ది రా." నేను ఒక బట్టల సంచితో రైలెక్కాను. పుస్తకాలు గదిలోనే ఉంచాను, మళ్లీ వచ్చేవాడిలా.

రామగుండం స్టేషన్‌కు బాపే వచ్చాడు. రిక్షాలో ఆయన చెప్పిన మాట ఇది: "నీ అవ్వనే తెచ్చి కాయితాలు నా చేతుల వెట్టింది. ఆరు నెలలు అయినయన్నది. నేను మర్చిపోయే ఉంటి. ఇంకో ఏడాదైనా ఆగుదునేమో."

నేను రోడ్డు వైపు చూశాను. బసంత్‌నగర్ నుంచి సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. అవన్నీ పోయేదాకా చూశాను.

అవ్వకు చదువు రాదు. కానీ కొడుకు చదివి చెప్పిన రూలును ఆమె ఒక్కరోజు కూడా మీరలేదు. నేను 'ఆరు నెలలు' అన్నాను, ఆమె ఆరో నెల నిండిన నాడు సందుగ తెరిచింది. ఏడో నెల పెట్టుకున్నా ఎవరూ అడిగేవారు కాదు. ఎలుకలు ఎలాగూ ఉన్నాయి.

నన్ను బదిలీ ఫిల్లరుగా తీసుకున్నారు. అంటే ఎవరు డ్యూటీకి రాకపోతే వాళ్ల బదులు తట్ట, చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపాలి. చెమ్మస్ అంటే పార. ఆ పనికి డిగ్రీ అక్కరలేదు. నేను బాపు కొడుకునని తేలితే చాలు, అది తేలింది. నా అసలు సర్టిఫికెట్లన్నీ యూనివర్సిటీ ఆఫీసులో ఉండిపోయాయి. చేరేటప్పుడు తీసుకుని, మానేసేటప్పుడు ఇస్తారు. నేను మానేశానని ఎక్కడా రాసివ్వలేదు. అడిగినవాళ్లకు తీరిక లేదని చెప్పాను.

అలా ఏళ్లు గడిచాయి. నేను పర్మనెంటయ్యాను, పెళ్లయింది, అదే క్వార్టరు నా పేరు మీదికి వచ్చింది. బాపు చెప్పినవన్నీ నిజమయ్యాయి. నౌకరి ఉంది, దవాఖాన ఉంది. చదువు తలకాయలోనే ఉంది, బయటికి రావడానికి దారి లేక. బాయిలో నా పక్కన టబ్బు నింపే అన్నలు అప్పుడప్పుడు, "ఏం లెక్చరర్ సాబ్, ఇయ్యాల ఏం పాఠం?" అనేవారు. ఎగతాళే, కానీ ప్రేమగా అనేవారు. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. తీర్మానం, వాకౌటు, జీరో అవర్. బొగ్గు నింపుతూ వినడానికి జీరో అవర్ బాగుంటుందని వాళ్లే చెప్పారు.

తొంభైల్లో ఒకసారి, కింద పనిచేసేవాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లను ఆఫీసులో క్లర్కులుగా తీసుకుంటామని నోటీసు పెట్టారు. అసలు సర్టిఫికెట్లు చూపించాలి. బస్తీలో అందరూ నాకే వస్తుందన్నారు. నేను దరఖాస్తు పెట్టలేదు. ఆ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలంటే మానేసినట్టు సంతకం పెట్టాలి. పెట్టనంతవరకు నేను ఎం.ఎ. మొదటి సంవత్సరం విద్యార్థినే, కొంచెం ఎక్కువ సెలవు తీసుకున్నవాణ్ణి.

అప్పటికి బాపు పోయి ఏడాది. అవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నోటీసు సంగతి చాచా చెప్పినట్టున్నాడు.

"ఎందుకు తెచ్చుకుంటలేవు గా కాయితాలు?"

"తెస్త తియ్యి."

"ఎన్నేండ్ల సంది తెస్తున్నవు?"

నవ్వించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. ఏమీ దొరకలేదు. అందుకే దసరాకు చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను. రాజ్యాంగం మార్చే బిల్లు ఒకటి ఉంటదని, దాన్ని పెద్దల సభ కాదంటే ఇంక కాదని, నాకు ఆ సంగతి అప్పుడే తెలుసని.

అవ్వ చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తిచేసింది.

"నేను కాదంటే బాపు ఊకుంటుండె," అంది. "నువ్వు పోతుంటివి." ఇంకో కాయ తీసుకుంది. "నువ్వొక్కనివన్న నోరు తెర్వకపోతివి. రెండు సభలు ఆరు నెలలు కొట్లాడినయి గని, ఒక్కలమన్న నిన్ను అడుగకపోతిమి. నువ్వన్న జెప్పకపోతివి."

"బిల్లుకు నోరుంటదా అవ్వా?" అన్నాను.

"ఉండె గదరా. దాని మాటలకు ఊరంత నవ్వుతుండె."

కాయలన్నీ ఒలిచి, తొక్కలు చేటలోకి తీసి, లేస్తూ, "పొద్దున బండికి పో," అంది. "దాన్ని గట్ల వేలాడదియ్యకు. నౌకరి మారినా మారకున్నా సరే."

పోయాను. ఆఫీసులో ఒక కుర్ర క్లర్కు పాత రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, నా పేరు దొరికించుకున్నాడు. "మీరు మానేసినట్టు ఎక్కడా లేదు సార్," అన్నాడు, తప్పు తనదైనట్టు. ఫారం ఇచ్చాడు. అందులో 'మానివేయుటకు కారణము' అని ఒక గడి, మూడు మాటలు పట్టేంత. చాలాసేపు చూశాను. "ఖాళీగా వదిలెయ్యండి సార్, ఎవరూ చదవరు," అన్నాడు. ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. అతను నా పేరు మీద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో తిన్నగా గీత గీశాడు. సర్టిఫికెట్లను గోధుమరంగు కవరులో పెట్టి ఇచ్చాడు.

తిరుగు రైలుకు ఇంకా రెండు గంటలుంది. కాళ్లు వాటంతట అవే మా డిపార్టుమెంటు వరండాలోకి పోయాయి. క్లాసు నడుస్తోంది. సారు కొత్తవాడు, ఈయన చేతిలో కూడా పుస్తకం లేదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చివరి బెంచీలో ఒక పిల్లవాడు నన్ను చూసి, "ఎవలి కోసం అన్నా?" అని మెల్లగా అడిగాడు.

"ఎవలి కోసం కాదు తమ్మీ."

ఆ పిల్లవాడు నా చేతులకేసి చూశాడు. గోళ్లలో బొగ్గు ఎంత కడిగినా పోదు. తర్వాత పక్కకు జరిగి, బెంచీ మీద చోటిచ్చాడు.

కూర్చున్నాను. పంచాయతీల గురించి చెబుతున్నారు, నాకు అంతగా తెలియని పాఠం. వేరే కాగితం లేక, పక్కవాడి దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఆ కవరు మీదే రాసుకోవడం మొదలుపెట్టాను.